తవిటినాయుడి కుడికాలు

క్షేత్ర పర్యవేక్షణల సమన్వయ శాఖ ఏం పని చేస్తుందని అడిగితే ఆ శాఖలో ఎవరూ తడుముకోరు. క్షేత్రంలో జరిగే పర్యవేక్షణలను సమన్వయం చేస్తుందని టక్కున చెప్పేస్తారు. అంతకంటే లోతుకు వెళ్ళి అడిగేవాళ్ళకు టీ ఇచ్చి పంపేస్తారు. జిల్లా కేంద్రంలో ఆ శాఖకు ఒక రెండంతస్తుల భవనం, నలభై ఒక్క కుర్చీలు, ఒక డిప్యూటీ డైరెక్టరు, ఒక కారు ఉన్నాయి. కొండమీది మండలాల్లో నెలకు నాలుగు సమావేశాలుంటాయి కాబట్టి ఘాట్ రోడ్డును ఉఫ్‌మని ఎక్కేసే బండి కావాలని ఆరేళ్ళు ఉత్తరాలు రాసి, చివరికి టర్బో ఇంజను ఉన్న తెల్లకారు తెప్పించుకున్నారు.

ఆ కారు తోలేది చింతాడ తవిటినాయుడు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. డ్రైవర్ల సర్వీసు రిజిస్టరులో 'చేసిన ప్రమాదములు' అని ఒక గడి ఉంటుంది. తవిటినాయుడి గడి ఖాళీ. లారీ గుద్దింది, ఆవు అడ్డొచ్చింది, బ్రేకు పడలేదు లాంటి మాటలు అందరి గడుల్లోనూ ఉన్నాయి, అతని గడిలో సిరా చుక్క కూడా లేదు. మిగతావాళ్ళు కొడుకు ఉద్యోగం గురించో అల్లుడి స్థలం గురించో చెప్పుకుంటుంటే అతను ఆ ఖాళీ గడి గురించి చెప్పుకునేవాడు. రిటైరు కావడానికి ఇంక పదకొండు నెలలుంది. ఆ గడిని అలాగే ఖాళీగా ఉంచి వెళ్ళిపోవాలన్నది అతనికున్న ఒకే ఒక్క కోరిక.

ఇలా ఉండగా దసరా వచ్చింది, దాంతో ఆయుధపూజ వచ్చింది. ఆఫీసులో ఆయుధాలంటూ లేవు గనక పంచింగు మిషన్లకు, స్టాంపు ప్యాడ్లకు, కారుకు పసుపూ కుంకుమా పెడతారు. కొబ్బరికాయ కొట్టే పని ఎప్పుడూ వాచ్‌మన్‌ది. ఆ ఏడు డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు తానే కొడతానన్నారు. ఆయన ఏ పనైనా కొద్దిగా చేసి ఊరుకునే మనిషి కాదు. మొక్క నాటమంటే నడుం లోతు గొయ్యి తవ్వించి, అందులోకి తానే దిగి ఫొటో తీయించుకున్న మనిషి. కాయను రెండు చేతులా నెత్తికి పైకెత్తి, "జై భవానీ!" అని అరిచి, కారు ముందు పెట్టిన బండరాయి మీదికి విసిరికొట్టారు. కాయ ఫెళ్ళున పగిలింది. ఒక చిప్ప పూలకుండీ దగ్గర పడింది. రెండో చిప్ప కనిపించలేదు.

టైర్ల కింద చూశారు, కుండీల వెనక చూశారు, గుమాస్తాల చెప్పుల మధ్య కూడా చూశారు. పంతులు గారికి ఆ పూట ఇంకో మూడు ఆఫీసులున్నాయి. ఆయన గడియారం చూసుకుని, "ఇంకా వెతకడమెందుకండీ, అమ్మవారు స్వీకరించింది" అనేసి సంచీ సర్దుకున్నారు. ఆ మాటకు పరాంకుశం గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నెల శాఖ మాసపత్రికలో 'డిప్యూటీ డైరెక్టరు గారి కొబ్బరి చిప్పను స్వీకరించిన అమ్మవారు' అని అరపేజీ వార్త పడింది. పత్రిక రాజధానిలోని కమిషనరు గారి బల్ల దాకా వెళ్ళింది. ఆయన అన్ని కాగితాల మీద రాసినట్టే దాని మీద కూడా 'చూచితిని' అని రాసి సంతకం పెట్టారు. దాంతో సంగతి శాఖాపరంగా రుజువైపోయింది.

దసరా వెళ్ళిన వారానికి కొండమీద సమావేశం పడింది. కారు మైదానంలో బాగానే నడిచింది గానీ ఘాట్ మొదటి మలుపు దగ్గర ఆయాసపడింది. రెండో మలుపులో నల్లటి పొగ వదిలింది. మూడో మలుపులో ముందు నుంచి ఉస్స్‌మని ఒక చప్పుడు మొదలైంది. తవిటినాయుడు కుడికాలితో యాక్సిలరేటరును నేలకు తొక్కిపట్టినా బండి నడిచిపోయే మనిషికంటే ముందుకు పోవడం లేదు. కోళ్ళబుట్టలు కట్టుకున్న మోపెడ్ ఒకటి హారను కొట్టి మరీ దాటిపోయింది. బుట్టల్లోంచి కోళ్ళు మెడలు బయటపెట్టి పరాంకుశం గారి వైపు చూశాయి.

"ఏమయ్యా నాయుడూ, ఇది టర్బోనా, ఎద్దుబండా?" అన్నారు పరాంకుశం గారు.

"ఊపిరి అందట్నేదు బాబూ బండికి," అన్నాడు తవిటినాయుడు.

మర్నాడే అతను బండిని హైవే పక్కన జిలానీ షెడ్డుకు తీసుకెళ్ళాడు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసు బండ్లన్నిటికీ మరమ్మతు చేసేది జిలానీయే. అతను ఇంజను రైజు చేయించి, బానెట్ మీద చెయ్యేసి, చెవి ఒగ్గి చాలాసేపు విన్నాడు. తర్వాత నేలమీద బోర్లా పడుకుని బంపరు కింద నోరులా తెరుచుకున్న సందులోంచి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనపడలేదు. తవిటినాయుడి ఫోను తీసుకుని లైటు వేసి, చెయ్యి మోచేతి దాకా ఆ సందులోకి దూర్చి, అటూ ఇటూ తిప్పి నాలుగైదు ఫొటోలు తీశాడు. వాటిని చూస్తూ లేచి కూర్చుని, "అన్నా, దీని ఇంటర్‌కూలరు పోయింది" అన్నాడు.

"ఏటైపోనాది?"

"టర్బో ఏటి సేస్తాది? గాలిని కూరికూరి ఇంజనుకి పంపుతాది. కూరితే గాలి వేడెక్కిపోద్ది. ఆ వేడిగాలిని సల్లార్చి లోపలికి పంపేదే ఇది. బంపరు ఎనకాలే ఉంటాది. దీనికి సీలిక పడింది. గాలంతా బయటికే పోతంది, ఇంజనుకి చేరట్లేదు. నువ్వు కాలు ఇరిగేలా తొక్కినా లాగదు." ఫోను అందిస్తూ జిలానీ గొంతు తగ్గించాడు. "ఇందులో ఏదో దిగబడి ఉందన్నా. నువ్వే సూడు."

తవిటినాయుడు చూశాడు. సన్నటి అల్యూమినియం రెక్కల మధ్య, పసుపు మరక అంటుకుని, కొబ్బరి చిప్ప ఒకటి అంచుదాకా దిగబడి ఉంది. దాని పక్కనే జానెడు చీలిక, చీలిక చుట్టూ నూనె తడి. బయట బంపరు మాత్రం పెళ్ళికూతురిలా ఉంది. అది ప్లాస్టిక్కుది కాబట్టి తగిలినప్పుడు వంగి, మళ్ళీ తన రూపానికి తాను వచ్చేసింది. మీద గీత కూడా లేదు.

తవిటినాయుడికి ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఆ చిప్ప కొట్టిందెవరో, కమిషనరు గారు సంతకం పెట్టిందేమిటో గుర్తొచ్చి నోరు మూతపడింది.

"ఇది అమ్మోరు స్వీకరించిన సిప్పరా జిలానీ," అన్నాడు.

"అయితే ఆ సంగతి మీ ఆఫీసోళ్ళకి నువ్వే సెప్పుకో అన్నా. నన్ను లాగకు," అన్నాడు జిలానీ. ఆఫీసు అనుమతి లేకుండా బంపరు మీద స్క్రూడ్రైవరు పెట్టనని కూడా అన్నాడు.

అనుమతి ఇవ్వాల్సింది సూపరింటెండెంటు సోమయాజులు గారు. ఆయనకు వాహన నియమావళి అంతా కంఠతా వచ్చు. తవిటినాయుడు చెప్పింది శ్రద్ధగా విని, కళ్ళు మూసుకుని, రాగయుక్తంగా అప్పజెప్పారు.

"నియమం పద్నాలుగు. వాహనము యొక్క యే భాగమును విప్పక, వెలుపలి నుండి కంటితో పరిశీలించి, కానవచ్చిన నష్టమును మాత్రమే నష్టముగా నమోదు చేయవలెను. నమోదు కాని నష్టమునకై వాహనమును విప్పరాదు."

"ఇప్పితే కనపడతాది బాబూ."

"నమోదైతే విప్పుకోవచ్చునయ్యా."

"ఇప్పకపోతే కనపడదు గదండీ నమోదు సెయ్యడానికి?"

"కనపడకపోతే నష్టం లేనట్టే గదా. అందుకు సంతోషించాలి గానీ ఏడుపు మొహం పెడతావేం?"

తవిటినాయుడు ఫోనులో ఫొటో చూపించాడు. సోమయాజులు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "దీన్ని ఎవరు చూశారు?"

"ఫోను సూసినాది బాబూ."

"ఫోను శాఖ ఉద్యోగి కాదు," అని తిరిగి ఇవ్వబోతూ ఆయన ఆ పసుపు మరకను చూశారు. ఆయన మొహం పాలిపోయింది. ఫోనును బల్లమీద బోర్లా పెట్టి తలుపు వైపు చూశారు. "నాయుడూ, ఈ చిప్పను నేను చూడలేదు. నువ్వూ చూడలేదు. ఇది అమ్మవారి దగ్గరుందని కమిషనరు గారంతటి వారు చూసి సంతకం పెట్టారు. ఇప్పుడది బంపరు వెనక ఉందంటే కమిషనరు గారు ఏం చూసినట్టు?"

తవిటినాయుడు ఫోను తీసుకుని బయటికొచ్చాడు. అయినా వదలకుండా అర్జీ మీద అర్జీ పెట్టాడు. మూడో అర్జీకి ముగ్గురు సభ్యుల పరిశీలక సంఘం వేశారు. సోమయాజులు గారు అధ్యక్షులు, గిడ్డంగుల ఇంజనీరు ఒకరు, గణాంకాధికారి ఒకరు సభ్యులు. సంఘం కారు చుట్టూ ప్రదక్షిణంగా మూడుసార్లు, అప్రదక్షిణంగా ఒకసారి తిరిగింది. ఇంజనీరు గారు నాలుగు టైర్లనూ తన్ని చూశారు. గణాంకాధికారి గారు తలుపులు లెక్కపెట్టి నాలుగే ఉన్నాయని ధ్రువపరిచారు. అద్దం మీద కాకిరెట్ట ఒకటి కనిపించడంతో సంఘంలో కలకలం రేగింది. దాన్ని 'స్వల్ప నష్టము' అని నమోదు చేసి, తడిగుడ్డతో తుడిపించి, 'సరిచేయబడినది' అని రాసుకున్నారు. సాయంత్రానికి కాగితం వచ్చింది.

'వాహనము సంపూర్ణ ఆరోగ్యముతో నున్నది. ముందరి భాగము కడుంగడు కళగా నున్నది.'

ఆ కాగితం చేతిలో పట్టుకుని పరాంకుశం గారు సమావేశం పెట్టారు. బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. తవిటినాయుడు గోడ పక్కన నిలబడ్డాడు.

"మిత్రులారా, శాస్త్రీయంగా ఆలోచిద్దాం," అన్నారు పరాంకుశం గారు. "వాహనం కొండ ఎక్కడం లేదు. ఇది సత్యం. వాహనం ఆరోగ్యంగా ఉంది. ఇదీ సత్యమే, కాగితం ఉంది. రోడ్డు మన శాఖది కాదు, కొండ మన శాఖది కాదు, వాటి గురించి మాట్లాడే అధికారం మనకు లేదు. మరి మన పరిధిలో ఇంకేం మిగిలింది?"

అందరూ బల్లమీది బిస్కెట్ల వైపు చూశారు. తర్వాత ఒక్కొక్కరే గోడ వైపు తిరిగారు.

"యాక్సిలరేటరు మీద ఉండే అవయవం ఏది నాయుడూ?"

"కుడికాలండి."

"అదీ సంగతి," అన్నారు పరాంకుశం గారు, పెద్ద చిక్కుముడి విప్పిన సంతృప్తితో.

తవిటినాయుడి కుడికాలిని వైద్య పరీక్షకు పంపారు. డాక్టరు గారు మోకాలి మీద సుత్తితో కొట్టారు, కాలు ఎగిరి ఆయన స్టూలును తన్నింది. ఎక్స్‌రే తీశారు. రక్తం తీశారు. ఎక్స్‌రే ఫిల్మును తెచ్చి సోమయాజులు గారి బల్లమీద పెట్టినప్పుడు తవిటినాయుడు ఆగలేకపోయాడు.

"బాబూ, నా కాలు సర్మం దాటి, కండ దాటి, ఎముక దాకా సూసేసినారు. బండికి ప్లాస్టిక్కు దాటి ఎందుకు సూడరు?"

సోమయాజులు గారు నిజంగానే ఆలోచించారు. నియమావళిని మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిరగేశారు. "నియమం పద్నాలుగు వాహనాలకు మాత్రమేనయ్యా. ఉద్యోగులను ఎంత లోతుగానైనా విప్పి చూడవచ్చు," అన్నారు జాలిగా.

డాక్టరు గారు కాలు బాగానే ఉందని రాశారు. అయితే శాఖవారు బాగాలేదని అంటున్నారు కాబట్టి, 'పైకి కానరాని బలహీనత ఉండిన ఉండవచ్చును' అని కింద ఒక వాక్యం చేర్చారు. బండి విషయంలో చెల్లని మాట కాలి విషయంలో చెల్లిపోయింది. వెంటనే ఆఫీసు వరండాలో చెక్కపీట, స్ప్రింగు, ఇనుప పెడలుతో ఒక యంత్రం వెలిసింది. రోజూ ఉదయం పదిన్నర నుంచి పదకొండు దాకా తవిటినాయుడు కుర్చీలో కూర్చుని దాన్ని తొక్కాలి. ఒక జూనియర్ అసిస్టెంటు ఎదురుగా కూర్చుని లెక్క రాయాలి.

మూడో రోజున పరాంకుశం గారు సరదాగా తామూ తొక్కి చూశారు. ఆయనకు హుషారొచ్చింది. ఇంత మంచి పని ఒక్క డ్రైవరుతో ఆగిపోవడం ఆయనకు నచ్చలేదు. మర్నాటికల్లా 'పాద దార్ఢ్య పక్షోత్సవం' ప్రకటించారు. 'బలమైన పాదం, బలమైన పాలన' అని బ్యానరు కట్టారు. పెడళ్ళు ఒకటి పన్నెండయ్యాయి. గుమాస్తాలు, టైపిస్టులు, అకౌంట్సు వాళ్ళు వరసగా కూర్చుని తొక్కుతుంటే వరండా అంతా నూలు మిల్లులా చప్పుడు చేసింది. అర్జీలు ఇవ్వడానికి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు కాసేపు చూసి, అర్జీ ఇచ్చేముందు చేయాల్సిన పని కాబోలనుకుని, తామూ పది పది తొక్కి లోపలికి వెళ్ళారు. ఒక ముసలమ్మ తనకు మోకాళ్ళ నొప్పులని, తన బదులు మనవరాలు తొక్కితే చెల్లుతుందా అని సోమయాజులు గారిని అడిగింది. ఆయన నియమావళి చూసి చెబుతానన్నారు.

పక్షం రోజులూ అయ్యాక మళ్ళీ ఘాట్ ఎక్కారు. చీలిక ఇంకా పెరిగినట్టుంది, బండి ఈసారి రెండో మలుపుకే కూలబడింది. సమావేశం దగ్గరికి చేరేసరికి భోజనాలు అయిపోయి, గిన్నెలో చారు మాత్రం మిగిలింది. పరాంకుశం గారు ఎన్ని అవమానాలైనా సహిస్తారు గానీ చారుతో భోంచేయడం సహించలేరు. మర్నాడు తవిటినాయుడికి మెమో వచ్చింది. పది రోజుల్లో కాలి బలం రుజువు చేసుకోవాలి. లేకపోతే 'డ్రైవింగునకు అనర్హుడు' అని రిజిస్టరులో రాసి తపాలా విభాగంలో కూర్చోబెడతారు.

మెమో అందుకుని నిలబడిపోయిన తవిటినాయుడిని చూసి సోమయాజులు గారికి మనసు చివుక్కుమంది. ఆయన మరీ చెడ్డమనిషి కాదు. నియమాలకు అవతల ఏదైనా ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదంతే. నియమావళి తెరిచి, పైకప్పు ఫ్యాను వైపు చూస్తూ చదవడం మొదలుపెట్టారు.

"నియమం ఇరవై రెండు. ప్రమాదమునకు లోనైన వాహనమును తక్షణమే, యెవరి అనుమతియు లేకయే, విప్పి చూడవలెను."

"అంటే ఏటి బాబూ?"

"అంటే ఏమీ లేదు. నేను నీతో ఏమీ చెప్పలేదు. చదువుకుంటున్నాను," అని ఆయన పుస్తకం మూసేశారు.

తవిటినాయుడు ఇంటికెళ్ళి అరుగు మీద కూలబడ్డాడు. భార్య సన్నేసమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. సంగతంతా విని ఆమె చేట పక్కన పెట్టింది.

"అయితే ఏ గోడకో గుద్దీయి."

"ఏటే ఆ మాట? ఇరవై తొమ్మిదేళ్ళు. కోడిపిల్లని కూడా తగల్నివ్వనేదు. ఇప్పుడు కావాలని గుద్దమంటావా?"

"మరి కాలు సచ్చినోడని రాయించుకుంటావా? గోడకి గుద్దినోడని రాయించుకుంటావా? ఆళ్ళు ఏదో ఒకటి రాసేదాకా ఊరుకోరు గదా. గోడే నయం. ఇప్పి సూసినాక సిప్పెవరిదో, తప్పెవరిదో ఊరంతా తెలుస్తాది. అప్పుడు ఆ గోడ మాట ఎవుడు పట్టించుకుంటాడు?"

తవిటినాయుడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తన ఖాళీ గడిలో సిరా పడటం తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది. కానీ భార్య చెప్పినదాంట్లో న్యాయం ఉంది. నిజం బయటపడితే ఆ ఒక్క గీతనూ ఎవరైనా క్షమిస్తారు. మూడో రోజు ఉదయం తలస్నానం చేసి, బండికి దణ్ణం పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

పదకొండు గంటలకు ఆఫీసు వెనక గోడ వైపు బండి తిప్పాడు. కళ్ళు మూసుకుని గుద్దాడు. కళ్ళు తెరిచి, దిగి చూస్తే బంపరు లోపలికి నొక్కుకుని, టక్‌మని మళ్ళీ బయటికి వచ్చేసింది. గీత కూడా పడలేదు. వెనక్కి తీసి ఇంకొంచెం గట్టిగా గుద్దాడు. ఆ బంపరు మళ్ళీ నవ్వుమొహంతోనే ఉంది. ఇంకా జోరుగా వద్దామంటే బండిలో జోరే లేదాయె. గాలంతా ఆ చీలికలోంచి పోతోంది. చప్పుడుకు అందరూ వరండాలోకి వచ్చారు. ఇది పాద దార్ఢ్యంలో తర్వాతి పాఠం అనుకుని చప్పట్లు కొట్టారు. ఒకాయన "ఇంకొంచెం తొక్కు నాయుడూ!" అని ఉత్సాహపరిచాడు కూడా.

చివరికి బండిని ఆవరణ ఆ చివరిదాకా తీసుకెళ్ళి, ఉన్న దమ్మంతా కూడదీయించి, గేటు స్తంభం అంచుకు తగిలించాడు. హెడ్‌లైటు భళ్ళున పగిలింది. బంపరు మూల చిట్లింది. తవిటినాయుడు దిగి, నేలమీది గాజుముక్కలు చూసి, స్తంభానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఇందాక చప్పట్లు కొట్టినవాళ్ళకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ప్రమాదం జరిగింది కనుక నియమం ఇరవై రెండు అమల్లోకి వచ్చింది. జిలానీని పిలిపించారు. పరిశీలక సంఘం ఎదురుగా అతను బంపరు విప్పి, ఇంటర్‌కూలరును బయటికి తీసి గోనెపట్టా మీద పెట్టాడు. జానెడు చీలిక. చీలిక పక్కన కొబ్బరి చిప్ప, ఎండి నల్లబడి, చీమలు పట్టి ఉంది. పసుపు మరక మాత్రం పోలేదు. తవిటినాయుడికి మూడు నెలల తర్వాత మొదటిసారి గుండె తేలికపడింది.

పరాంకుశం గారు వచ్చారు. చిప్పను చూశారు. చాలాసేపు చూశారు. ఆయన పెదవులు కదిలాయి. ఒప్పుకుంటున్నారనే అనుకున్నాడు తవిటినాయుడు.

"తిరిగి అనుగ్రహించింది!" అన్నారు పరాంకుశం గారు.

"ఏటండీ?" అన్నాడు జిలానీ.

"అమ్మవారు స్వీకరించిన చిప్పను ఆపదవేళ అడ్డుగా పంపింది. ఇంత ఘోరమైన ప్రమాదంలో ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదంటే కారణం ఏమిటనుకున్నారు? పళ్ళెం తీసుకురండి."

పళ్ళెం వచ్చింది, కర్పూరం వచ్చింది. జిలానీ, "సార్, ఇది ఎండిపోయింది, దసరా నాటిది, ఈ సీలిక కూడా పాతదే, నూనె పేరుకుపోయింది సూడండి" అని చెప్పబోయాడు. గణాంకాధికారి గారు హారతి సమయంలో మాట్లాడకూడదని సైగ చేశారు. హారతి అయ్యాక మాట్లాడబోతే అతనికి ప్రసాదం పెట్టారు.

నివేదిక రెండు రోజుల్లో తయారైంది. సోమయాజులు గారు దాన్ని తవిటినాయుడికి చదివి వినిపించారు. ఈసారి రాగం లేదు.

'ఒకటి. ప్రమాదమునకు పూర్వము వాహనము సంపూర్ణ ఆరోగ్యముతో నుండినట్లు సంఘము వారి ధ్రువపత్రము కలదు. కావున ఇంటర్‌కూలరు భంగము కేవలము డ్రైవరు గావించిన తాకిడి వలననే కలిగినది. రెండు. కనపడక లోపలనున్న భాగము సైతము జానెడు చీలునట్లు తాకించగల్గుటను బట్టి డ్రైవరు కుడికాలి బలము నిస్సందేహముగా రుజువైనది. మూడు. ఇది పాద దార్ఢ్య పక్షోత్సవ ఫలితమే. డ్రైవరును యథాస్థానమున కొనసాగించవలెను.'

"అయితే నా సీటు నాకిచ్చేసినారా?"

"ఇచ్చేశారు."

"మరి గడి?"

సోమయాజులు గారు రిజిస్టరు తెరిచి అప్పటికే రాసేసిన గడిని చూపించారు. 'ఒకటి. ఘోరమైనది' అని ఉంది. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. తవిటినాయుడు దాని మీద వేలు పెట్టి రుద్దాడు. సిరా ఆరిపోయింది.

"ఇరవై తొమ్మిదేళ్ళండి," అన్నాడు.

"నాకు తెలుసు నాయుడూ," అన్నారు సోమయాజులు గారు. ఆయన తల ఎత్తలేదు.

కొత్త ఇంటర్‌కూలరు వచ్చింది, కొత్త బంపరు వచ్చింది. పక్షోత్సవ తొలి లబ్ధిదారుడని తవిటినాయుడికి శాలువా కప్పారు. శాలువా కప్పినంతసేపూ అతను తన కాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు కొండమీద పెద్ద సమావేశం. కమిషనరు గారు రాజధాని నుంచి వేరే దారిన నేరుగా అక్కడికే వస్తున్నారు. పదకొండింటికల్లా చేరాలని పరాంకుశం గారు తొమ్మిదింటికే బయల్దేరదీశారు.

ఘాట్ మొదటి మలుపు ఎప్పుడు దాటిందో తెలియలేదు. రెండు, మూడు, నాలుగు మలుపులు కూడా దాటేసింది. ఇంజను నిండుగా ఊపిరి తీసుకుంటోంది. ఉస్స్ లేదు, పొగ లేదు. ఎంత కోపంలో ఉన్నా మంచి బండి కొండెక్కే చప్పుడు వింటే తవిటినాయుడికి ప్రాణం లేచొస్తుంది. ఆ చప్పుడులో అతను గడిని కూడా కాసేపు మరిచిపోయాడు.

వెనక సీట్లో పరాంకుశం గారు ఫోనులో కమిషనరు గారితో మాట్లాడుతున్నారు. "వచ్చేస్తున్నాం సార్. బండికేం సార్, మొదటి నుంచీ దివ్యంగా ఉంది. లోపమంతా మా డ్రైవరు కాలిలోనే. మన పక్షోత్సవంతో అదీ నయమైంది. అన్ని జిల్లాల్లోనూ పెడితే బాగుంటుంది సార్." ఫోను పెట్టేసి ముందుకు వంగి భుజం తట్టారు. "చూశావా నాయుడూ? నీ కాలు బాగుపడేసరికి బండి ఎలా పరిగెడుతోందో!"

తవిటినాయుడు అద్దంలో ఆయన మొహం చూశాడు. ఆ మొహంలో అబద్ధం లేదు. ఆయన పూర్తిగా నమ్ముతున్నారు. తవిటినాయుడికి అది చూసి నెత్తురు మరిగింది, మరుక్షణంలోనే చల్లబడింది. అతను కుడికాలిని యాక్సిలరేటరు మీద నుంచి మెల్లగా, ఎంతో మర్యాదగా పైకి లేపాడు. గేర్లు ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చాడు. ఐదో మలుపులో బండి నడక వేగానికి దిగింది.

"ఏమైంది?" అన్నారు పరాంకుశం గారు.

"కాలు బాబూ. మళ్ళీ తిరగబెట్టినాది."

"అదేంటయ్యా? బండి... బండిలో ఏమైనా..." అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయారు. ప్రమాదానికి ముందు బండిలో ఏ లోపమూ లేదని రాసిన నివేదిక ఆయన ఒళ్ళోనే ఉంది. కింద ఆయన సంతకమే ఉంది. గడియారం చూసుకున్నారు. పదీ ఇరవై అయింది, ఇంకా పదహారు మలుపులున్నాయి.

"కొంచెం ప్రయత్నించు నాయుడూ," అన్నారు. ఆయన గొంతులో బతిమాలడం తవిటినాయుడు మొదటిసారి విన్నాడు.

"తొక్కుతానే ఉన్నాను బాబూ."

నెత్తిన అల్లం మూటలతో సంతకు ఎక్కుతున్న ఇద్దరు ఆడవాళ్ళు వెనక నుంచి వచ్చి బండిని అందుకున్నారు. కాసేపు పక్కనే నడిచారు. అందులో పెద్దామె కిటికీలోంచి తొంగిచూసి, "బండి పాడైపోనాదా అన్నా?" అంది.

"నేదమ్మా," అన్నాడు తవిటినాయుడు, ఇన్నాళ్ళకు కడుపునిండా ఆనందంగా. "బండికేటీ కానేదు. కాగితం కూడా ఉంది."

ఆడవాళ్ళు నవ్వుకుంటూ బండిని దాటి పైకి వెళ్ళిపోయారు. వెనక సీట్లో పరాంకుశం గారు తన వైపు కిటికీ అద్దం పైకెత్తుకున్నారు.